మేనకోడలు అడిగిన జాగిలం

తాష్‌బులాక్,
నవంబరు 9, 2013

జిర్గల్‌కి,

పశువులు బాగున్నాయా, ఇంట్లో ప్రాణాలు బాగున్నాయా అని అడిగి ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద. నేను అడగడం లేదు. ఏడేళ్ళుగా అడగలేదు, ఇప్పుడూ అడగను. నువ్వు నా బురుల్‌ని చంపావు.

ఈ మాట నీ మొహం మీద అనాలని చాలాసార్లు అనుకున్నాను. మీ అమ్మ కాలిచా పోయిన రోజున నేను గుడారం బయట కర్ర ఆనుకుని నిలబడి ఏడ్చాను. నువ్వు లోపల గోడ వైపు తిరిగి కూర్చుని ఏడ్చావు. మన మధ్య ఒక్క ఉన్ని తెర అడ్డం. నీ గొంతు నాకు వినబడుతూనే ఉంది. చెల్లెలి చావు దగ్గర కుక్క మాట ఎత్తడం బాగుండదని ఊరుకున్నాను.

బురుల్‌ని నువ్వు అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. అంతకు ముందు నెల గొర్రెల రక్తం పరీక్షకి తీసుకుపోవడానికి వచ్చి, పనిలో పనిగా బురుల్ రక్తం కూడా తీసుకుపోయావు. మళ్ళీ వచ్చావు. టీ తాగావు. మీ అత్తయ్య పిండి బిళ్ళలు, బోర్సోక్‌లు వేయించి పెడితే ఒకటి కొరికి పక్కన పెట్టావు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి, "మామయ్యా, నాకు మేనకోడలి హక్కు ఉంది కదా. ఇన్నేళ్ళలో ఏమీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను, బురుల్‌ని ఇవ్వండి" అన్నావు.

మేనకోడలు అడిగితే మేనమామ కాదనకూడదు. గుర్రం అడిగినా, డేగ అడిగినా ఇచ్చి తీరాలి. ఆడపిల్ల పుట్టింట్లో వదిలి వెళ్ళిన భాగం ఆమె పిల్లలది. మా నాన్న పేనిన తోలు తాడు వాడి మెడకి తగిలించి కొస నీ చేతిలో పెట్టాను. పట్నంలో మంచి జాగిలాల వంశం పెంచుతావనుకున్నాను. కాలిచా కూతురికి కుక్కని చూసే కన్నుంది అని గర్వపడ్డాను కూడా.

తర్వాత తెలిసింది, తీసుకెళ్ళి సూది వేశావని. గాజు పలక మీద రక్తం తేట చుక్క వేసి, గులాబీ రంగు మందు కలిపితే పాలు విరిగినట్టు విరిగిందట. అందుకని చంపారట. విరిగిన పాలు పారబోస్తారు సరే, పలక మీద ఏదో విరిగితే కుక్కని పారబోస్తారా? ఆ వారమే వాడు తోడేలుని గొంతు పట్టి కిందేశాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ అత్తయ్య బుబుష్ రాయమంది. బురుల్ మనవరాలు అక్‌తమాన్ నా దగ్గరుంది. ఆ వంశంలో ఇదొక్కటే మిగిలింది. పొరుగున షార్షెన్ వాళ్ళ మగ కుక్కతో కలిపాం. ఇంకొద్ది రోజుల్లో ఈనుతుందనగా పిల్లలన్నీ చచ్చి పడిపోయాయి. బుబుష్ ఒట్టి చేతులతో ఒక్కొక్కదాన్ని తీసి గుడ్డలో చుట్టింది. కుక్క మాత్రం బాగానే ఉంది. తింటోంది, పరుగెడుతోంది, కళ్ళు తేటగా ఉన్నాయి. ఇది నీకు తెలిసిన రోగమేనా కాదా, అంత చెప్పు చాలు.

ఫోను చెయ్యకు. కుడి చెవి తుపాకీ మోతకి ఎప్పుడో పోయింది. ఎడమ చెవితో వినాలంటే సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలి. నేను చదువుకున్నది రెండు చలికాలాలు, అయినా రాయగలను.

ఇక్కడికి రావద్దు. వచ్చినా ఏమీ అడగొద్దు.

ఇమాష్


బిష్కెక్,
నవంబరు 17, 2013

గౌరవనీయులైన మామయ్యకి,

పశువులు బాగున్నాయా? అత్తయ్య, మీరు కులాసాయేనా? మీరు అడగకపోయినా నేను అడుగుతాను. మా అమ్మ నేర్పింది మానుకోలేను.

మీ ఉత్తరం ల్యాబులో నిలబడే చదివాను. పక్కన పనిచేసే ఆవిడ, "ఎవరైనా పోయారా?" అని అడిగింది. లేదు, మా మామయ్య రాశాడు అన్నాను.

మీ ప్రశ్నకి జవాబు: చూడకుండా చెప్పలేను. కానీ నెలలు నిండబోతుండగా పిల్లలు చచ్చి పడ్డాయంటే ముందు అనుమానించేది బురుల్‌కి వచ్చిన ఆ రోగాన్నే. రోగమున్న గొర్రె ఈనాక పడిన మాయనో, నెలలు నిండక పడిపోయిన గొర్రెపిల్లనో కుక్క తింటే వస్తుంది. పోయిన వసంతంలో షార్షెన్ గారి మందలో పిల్లలు పడిపోయాయని విన్నాను. కుక్క పైకి బాగానే ఉంటుంది. బురుల్ కూడా బాగానే ఉండేవాడు. పైకి తెలియదు కాబట్టే రక్తం చూసేది, మామయ్యా. ముందే తెలిస్తే మందని కాపాడవచ్చు, మనుషుల్ని కాపాడవచ్చు.

మీ పశువుల డాక్టరు మెదెర్‌ని పిలిచి ముందు కాలి నరం నుంచి రక్తం తీయించండి. గాజు గొట్టాలు ఈ ఉత్తరం తెచ్చే వ్యాను డ్రైవరుతోనే పంపుతున్నాను. చల్లగా ఉంచి శుక్రవారం వ్యానులో పంపండి. కుక్కని గొర్రెల దొడ్డిలోకి రానివ్వకండి. పిల్లలు పడిన చోట గడ్డి కాల్చేయండి. అత్తయ్య చేతులు సబ్బుతో కడుక్కుందా? ఇకమీదట ఒట్టి చేతులతో ముట్టుకోవద్దని చెప్పండి.

ఏమీ అడగొద్దన్నారు. అడగను. ఆ హక్కు ఆ రోజే వదిలేసుకున్నాను. మీరు దాని గురించి దిగులుపడక్కర్లేదు.

మీ
జిర్గల్


తాష్‌బులాక్,
డిసెంబరు 3, 2013

జిర్గల్‌కి,

నీ ఉత్తరం చివరి మాటలు రెండు సార్లు చదివించాను బుబుష్ చేత, నేను తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు. హక్కు వదిలేసుకున్నావా? మేనకోడలు హక్కు వదిలేసుకుందంటే నాకు మేనమామ లేడు, చచ్చాడు అని చెప్పడమే. నేను ఏమీ అడగొద్దన్నాను. సంబంధం తెంచుకొమ్మనలేదు. రెండింటికీ తేడా తెలియని చదువు ఏం చదువు?

సరే, రక్తం సంగతి. మెదెర్ వచ్చి తీశాడు. అక్‌తమాన్ కదల్లేదు, నా మోకాళ్ళ మధ్య తల పెట్టి నిలబడింది. మెదెర్, "ఏం తాతా, నువ్వు పట్టుకుంటే కుక్క కదలదు, నిన్నెవరు పట్టుకుంటారు?" అన్నాడు. వెధవ. సూది దిగేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నానని ఎగతాళి.

వ్యాను వచ్చేదాకా చల్లగా ఉంచమన్నావు కదా. నీకు చెప్పనవసరం లేకుండా ఉంచాను. చలికాలపు మాంసానికి మొన్ననే గుర్రాన్ని కోశాం. కొట్టులో తొడలు, పక్కటెముకలు వేలాడుతున్నాయి. ఆ గొట్టాల్ని బుబుష్ మేజోడులో పెట్టి, పక్కటెముకల మధ్య కట్టాను. తెల్లారేసరికి రక్తం రాయిలా బిగిసింది. మాంసం ఎలా ఉంటుందో రక్తమూ అలాగే ఉంటుంది, వసంతం దాకా చెడదు. డ్రైవరుకి కూడా చెప్పాను, హీటరు దగ్గర పెడితే కాళ్ళు విరగ్గొడతానని.

షార్షెన్ నవ్వుతున్నాడు. "కుక్క రక్తం గుర్రం మాంసంతో కలిపి వేలాడదీసిన మనిషివి నువ్వొక్కడివే, నీ ఇంట్లో భోజనానికి రాను" అన్నాడు. అన్నవాడు ఆదివారం వచ్చి రెండు గిన్నెల మాంసం రసం తాగి వెళ్ళాడు.

బుబుష్‌కి నడుం నొప్పి. ఉన్ని ఉతికి చలి పట్టించుకుంది. నీ కోసం కురుత్, అదే ఎండబెట్టిన పెరుగు ఉండల సంచి ఒకటి పంపింది. పంపవద్దన్నాను, నా మాట వినలేదు.

ఇమాష్


బిష్కెక్,
డిసెంబరు 14, 2013

మామయ్యకి నమస్కారాలు.

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. మీరు పంపిన రక్తం పనికిరాలేదు.

తప్పు నాది. చల్లగా ఉంచమన్నాను, గడ్డకట్టనివ్వొద్దని రాయలేదు. బావినీళ్ళంత చల్లదనం చాలు. మంచులా బిగిస్తే రక్తంలోని కణాలన్నీ పగిలిపోతాయి. కరిగాక పైన పసుపుగా తేలవలసిన తేట ఎర్ర ద్రాక్షరసంలా వచ్చింది. దానిలో గులాబీ మందు వేస్తే ఎరుపులో ఎరుపు. విరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. పలకని వెలుతురు వైపు ఎత్తి అటూ ఇటూ వంచి చూశాను. మా ల్యాబు పెద్దావిడకి చూపించాను. "మీ మామయ్య మాంసం బాగా దాస్తాడులా ఉందే" అంది.

మళ్ళీ పంపాలి, మామయ్యా. ఈసారి మెదెర్ రక్తాన్ని గదిలోనే కాసేపు నిలబెట్టి, పైన తేరిన తేట మాత్రం వేరే గొట్టంలోకి వంచాలి. అది మీ లోపలి జేబులో పెట్టుకుని వ్యాను దాకా తీసుకెళ్ళండి.

అత్తయ్య నడుం నొప్పి నాకు నచ్చలేదు. సాయంత్రాలు జ్వరం వస్తోందా? చెమటలు పడుతున్నాయా? ఆవిడ చచ్చిన పిల్లల్ని చేతులతో తీసిందని మీరే రాశారు. అదే రోగం మనుషులకీ వస్తుంది. నారీన్ ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం చూపించండి. ఇది వాయిదా వెయ్యొద్దు. మొదట్లో పట్టుకుంటే మాత్రలతో పోతుంది.

సంబంధం తెంచుకోవడం గురించి మీరు రాసినది చదివి ఏడ్చాను. నేనన్నది అది కాదు.

కురుత్ అందింది. మా పిల్ల రోజంతా చప్పరిస్తోంది.

జిర్గల్


తాష్‌బులాక్,
డిసెంబరు 28, 2013

జిర్గల్‌కి,

నాకు అర్థమైంది.

మాంసం మంచులో పెడితే వసంతం దాకా ఉంటుంది. చేప ఉంటుంది, పాలు ఉంటాయి, గడ్డకట్టి చచ్చిన నక్క తోలు మెత్తబడకుండా ఉంటుంది. రక్తం ఒక్కటే పాడైపోతుందా? అదీ నా దగ్గర్నుంచి వెళ్ళిన రక్తమే? బురుల్ రక్తం మాత్రం పాడవలేదు, చంపడానికి బాగా పనికొచ్చింది. ఇప్పుడు పనికిరాలేదంటే నిన్ను మళ్ళీ ఇక్కడికి రమ్మనమని అర్థం. వచ్చి, టీ తాగి, గుమ్మంలో నిలబడి. హక్కు వదిలేసుకున్నానన్నది కూడా నన్ను మెత్తబరచడానికేనని షార్షెన్ అన్నాడు. నేను కాదనలేదు.

రెండోసారి రక్తం పంపను. కుక్క బాగుంది. పోయిన వారం మంచులో నక్కని తరిమి తరిమి నా గుర్రం ముందుకే తోలుకొచ్చింది. రోగం ఉన్న కుక్క అలా పరుగెడుతుందా? నువ్వు పలక మీద చుక్కల్ని చూస్తావు, నేను కుక్కని చూస్తాను.

బుబుష్‌కి సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. చలికాలంలో ఎవరికి వెచ్చబడదు? నారీన్ వెళ్ళడానికి కొండ కనుమ మంచుతో మూసుకుపోయింది, తెరిచాక చూద్దాం అంది తనే. అక్‌తమాన్ పొయ్యి దగ్గర ఆవిడ పక్కనే పడుకుంటోంది. ఆ వెచ్చదనానికి నడుం తేలిగ్గా ఉందట. నీ మందులకన్నా అది నయం.

ఇమాష్


బిష్కెక్,
జనవరి 9, 2014

మామయ్యా,

ఈసారి క్షేమసమాచారాలు అడగను. కోపంగా ఉన్నాను. పెద్దవారితో ఇలా మాట్లాడకూడదని తెలుసు. మా అమ్మ ఉంటే చెంప మీద కొట్టేది. లేదు కాబట్టి రాస్తున్నాను.

కుక్కని అత్తయ్య పక్క నుంచి తీసేయండి. ఇవాళే. ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కనుమ తెరవడం కోసం చూడొద్దు. స్లెడ్జి మీదైనా సరే. సాయంత్రం జ్వరం, నడుం నొప్పి, చచ్చిన పిల్లల్ని ముట్టుకున్న చేతులు. ఇంకేం కావాలి మీకు? నన్ను నమ్మొద్దు. నారీన్ డాక్టరు మీ మేనకోడలు కాదు కదా, ఆయన్ని నమ్మండి.

ఇక బురుల్. ఇన్నేళ్ళు చెప్పలేదు. మీరు మాట్లాడటం మానేశారు, నేను చెప్పడం మానేశాను.

వాడి రక్తం మూడు రకాలుగా చూశాం. పలక మీద విరిగింది. మర్నాడు గొట్టంలో మళ్ళీ పెట్టాను, విరిగింది. మూడోది నాకు చేతనైనంత ఆలస్యం చేసి పెట్టాను. అదీ విరిగింది. ఫలితం బయటికి వెళ్ళాక జిల్లా నుంచి తుపాకీలతో మనుషులు బయల్దేరతారు. వాళ్ళు చేసే పద్ధతి మీకు తెలుసు. కుక్కని గుమ్మం ముందు గుంజకి కట్టి, ఇంటివాళ్ళ ముందే కాలుస్తారు. ఒక్కొక్కప్పుడు మొదటి గుండు సరిగ్గా తగలదు. ఆ వారమే వస్తారని తెలిసింది. మీరు తలుపుకి అడ్డంగా మీ తుపాకీ పట్టుకుని నిలబడతారని నాకు తెలుసు. అప్పుడు కుక్క ఒక్కటే పోదు.

మీ దగ్గరకి వచ్చి ఇదంతా చెబితే ఇచ్చేవారా? ఇచ్చేవారు కాదు. మీరు కాదనలేని మాట నా దగ్గర ఒక్కటే ఉంది. అది వాడాను. బోర్సోక్ తినలేకపోయాను, అది మీరు చూశారు కూడా.

దారంతా వాడు నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. సూది నేనే వేశాను, ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. వాడి పేరు పిలుస్తూ ఉన్నాను. ఆ తర్వాత శవాన్ని మంటలో కాల్చారు, పాతిపెట్టనివ్వరు, అది నియమం. తాడు మాత్రం మందునీళ్ళలో కడిగి నా దగ్గర ఉంచుకున్నాను. తాతయ్య పేనిన తాడు. మీకు తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

అందుకే హక్కు వదిలేసుకున్నానన్నాను. ఒకసారి అలా వాడాక మళ్ళీ అడిగే అర్హత నాకు ఉండదనుకున్నాను. మీరు నాకు చచ్చారని కాదు.

అత్తయ్యని తీసుకెళ్ళండి.

జిర్గల్


తాష్‌బులాక్,
ఫిబ్రవరి 4, 2014

జిర్గల్‌కి,

బుబుష్ నారీన్‌లో ఉంది.

నీ ఉత్తరం కనుమ అవతల చాలా రోజులు ఆగిపోయింది. అది వచ్చేసరికే ఆవిడ నిలబడలేకపోయింది. పొయ్యి దగ్గర్నుంచి లేవబోయి, చేతుల మీద అలా ఉండిపోయింది. షార్షెన్ స్లెడ్జి కట్టాడు. దారిలో ఒక్కసారీ మూలగలేదు. కనుమ దగ్గర మాత్రం, "కుక్కకి ఎవరు పెడతారు?" అంది.

అక్కడి డాక్టరు నా కళ్ళ ముందే చేశాడు. తెల్ల పలక, రక్తం తేట, గులాబీ మందు. అటూ ఇటూ వంచాడు. నేను చూస్తుండగానే విరిగింది. మా గొర్రె పాలు ఎప్పుడూ అంత త్వరగా విరగలేదు. రోగం వెన్నుపూసలోకి దిగిందన్నాడు. రెండు నెలలు ముందు తెచ్చి ఉంటే తేలిగ్గా పోయేది అన్నాడు. అంత చిన్నవాడు నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ప్రాణానికి భయం లేదట. నడుం మునుపటిలా రాదట.

బురుల్ సంగతి చదివాను.

మెదెర్ మళ్ళీ రక్తం తీశాడు. నువ్వు చెప్పినట్టే తేట మాత్రం వంచాడు. గొట్టం నా చొక్కా లోపల పెట్టుకుని వ్యాను దాకా నేనే గుర్రం మీద వెళ్ళాను. ఈసారి పాడైందని రాయవు.

అక్‌తమాన్‌ని కొట్టు వెనక గదిలో కట్టేశాను. ఎప్పుడూ కట్టలేదు దాన్ని. తలుపు సందులోంచి ముక్కు బయట పెట్టి చూస్తుంది. బుబుష్ చెప్పులు పక్కన పెట్టుకుని పడుకుంటోంది.

ఇమాష్


బిష్కెక్,
ఫిబ్రవరి 19, 2014

ప్రియమైన మామయ్యకి,

అత్తయ్య ఎలా ఉంది? ఆసుపత్రికి ఫోను చేసి మాట్లాడాను. గొంతు బాగానే ఉంది. "నీ మామయ్య సరిగా తినడం లేదని షార్షెన్ చెప్పాడు, నువ్వు రాయి" అంది. రాస్తున్నాను, తినండి.

రక్తం చక్కగా వచ్చింది. తేట బంగారు రంగులో ఉంది. నేను చూసినవాటిలో అంత జాగ్రత్తగా వచ్చినవి తక్కువ. అలా వచ్చినందుకు బాధపడ్డాను, ఎందుకంటే ఈసారి అనుమానానికి చోటు లేదు.

విరిగింది, మామయ్యా. పలక మీద, గొట్టంలో, మూడోదానిలో కూడా.

మీరు అడుగుతారని తెలుసు, మందు లేదా అని. ఉంది. ఇస్తే రోగం దాక్కుంటుంది, పోదు. మళ్ళీ చూలు కట్టినప్పుడు బయటపడుతుంది. గొర్రెలు ఈనే రోజులు వస్తున్నాయి. మీ మందలోకి దిగితే ఆ మాయలన్నీ ఇంకో కుక్క తింటుంది, ఇంకో ఇంట్లో ఇంకొకావిడ ఒట్టి చేతులతో తీస్తుంది. నా దగ్గర ఉంచుకుందామని కూడా ఆలోచించాను. నాలుగో అంతస్తు, చిన్న పిల్ల. కుదరదు.

ఫలితం నేను బయటికి పంపక తప్పదు, ఈసారి ఆలస్యం చెయ్యలేను. మార్చి ఇరవయ్యొకటిన నౌరూజ్ పండగ కాగానే జిల్లా వాళ్ళు మీ లోయకి వస్తారు. షార్షెన్ గారి కుక్క రక్తం కూడా తీస్తారు. ఆయనకి చెప్పండి.

నేను అడగను. మాట ఇచ్చాను కాబట్టి కాదు, మీకు మళ్ళీ ఆ గుమ్మం చూపించలేను కాబట్టి. ఏం చెయ్యాలో మీరే నిర్ణయించండి. మీ దగ్గర తుపాకీ ఉంది, మీ చెయ్యి గురి తప్పదు. జిల్లా వాళ్ళకన్నా అదే నయమేమో. ఇలా రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

జిర్గల్


తాష్‌బులాక్,
మార్చి 3, 2014

అమ్మాయి జిర్గల్‌కి,

నీ ఒంట్లో ప్రాణం బాగుందా? నీ పిల్ల బాగుందా? మీ నాలుగో అంతస్తులో వెచ్చగా ఉంటోందా? నేను ఇవి అడిగి చాలా ఏళ్ళైంది, వరస తప్పితే సరిచేసుకో.

బుబుష్‌ని ఇంటికి తెచ్చాం. కూర్చోగలదు. లేవాలంటే నా భుజం కావాలి. నా భుజం ఉంది, అదేం పెద్ద విషయం కాదు. మొదటి రోజు కుక్క ఏదంది. కొట్టు వెనక ఉందన్నాను. చూస్తానంది. కూడదన్నాను. కిటికీ లోంచి చూపించాను. కుక్క ఈవిడ గొంతు విని తలుపు గోకింది. బుబుష్ మొహం తిప్పుకుంది.

నా చెయ్యి గురి తప్పదన్నావు. మొన్న పొద్దున్నే తుపాకీ భుజాన వేసుకుని అక్‌తమాన్‌ని విప్పాను. ఇన్నాళ్ళు కట్టేసి ఉంచానని అలగలేదు. వేటకనుకుంది. గుట్ట ఎక్కేదాకా నా ముందు వలయాలు తిరుగుతూనే ఉంది. మంచు చెదిరిన చోటల్లా మూతి పెట్టి చూసి, నా వైపు తిరిగి, ఇక్కడేం లేదు పద అన్నట్టు నిలబడింది.

పైన ఆగాను. అది కూర్చుంది. మా జాగిలాలకి ఒక అలవాటుంది, తుపాకీ ఎటు తిరిగితే అటు చూస్తాయి, జంతువు అక్కడే ఉంటుందని. బురుల్ అలాగే చూసేవాడు, ఇదీ అంతే, ఎవరూ నేర్పలేదు. నేను తుపాకీ దాని వైపు తిప్పాను. అది వెంటనే లేచి, నాకు వీపు పెట్టి, తన వెనక ఏముందోనని చూసింది. అక్కడేమీ లేదు, ఒట్టి మంచు. అయినా చెవులు నిక్కబెట్టి చూస్తూనే ఉంది. నేను చెబుతున్నాను కాబట్టి ఏదో ఉండే ఉంటుందని.

తుపాకీ దించాను. ఇద్దరం ఇంటికి వచ్చేశాం.

షార్షెన్‌ని అడిగాను. "నా కుక్కకే ఎవరు చేస్తారో తెలియక చస్తున్నాను, నీ కుక్కకి నేనా?" అన్నాడు. మెదెర్ చేస్తానన్నాడు. మెదెర్ పరాయివాడు. మేం జాగిలాన్ని అమ్మం, పరాయివాడి చేతికి ఇవ్వం. జిల్లా వాళ్ళు వస్తే నేను తలుపుకి అడ్డంగా నిలబడతాను. అది నువ్వు సరిగ్గానే రాశావు. అప్పుడు బుబుష్‌ని ఎవరు లేపుతారు?

రాత్రుళ్ళు కాదు, పగలే కూర్చుని ఆలోచించాను. నేను దాన్ని చంపలేను. ఎవరికీ ఇవ్వలేను. అడిగితే కాదనకుండా ఇవ్వవలసిన మనిషి ఈ భూమి మీద నాకు ఒక్కతే ఉంది. ఆ మనిషి అడగనని భీష్మించుకుని కూర్చుంది.

నువ్వు వదిలేసుకున్నానన్నావు. అది నీది కాదు వదులుకోవడానికి. కాలిచా మా ఇంటి గడప దాటినప్పుడు వదిలిపెట్టి వెళ్ళిన భాగం. నువ్వు దానికి కాపలా మనిషివి, అంతే. ఒకసారి అడిగితే అయిపోయేది కాదు అది.

అందుకని ఇలా చెయ్యి. నౌరూజ్‌కి ముందే రా. తిన్నగా కుక్క దగ్గరకి పోవద్దు. ముందు ఇంట్లోకి రా, మీ అత్తయ్య పక్కన కూర్చో. బోర్సోక్‌లు నేను వేయిస్తాను, మాడతాయి, అయినా ఈసారి ఒకటి పూర్తిగా తిను. టీ తాగు. తర్వాత గుమ్మంలో నిలబడి, అప్పుడు అడిగినట్టే అడుగు. అవే మాటలు. మార్చొద్దు. నువ్వు అడిగితే నేను ఇచ్చినవాణ్ణవుతాను. అడక్కపోతే పోగొట్టుకున్నవాణ్ణవుతాను.

దారిలో దాని తల నీ ఒళ్ళో పెట్టుకో. ఎడమ చెవి వెనక గోకితే కళ్ళు మూసుకుంటుంది. పేరు పిలుస్తూ ఉండు.

తాడు తీసుకురా. ఇంటి నిండా తాళ్ళున్నాయి, ఒక్కటీ దాని మెడకి కట్టను. మా నాన్న తాడు నా చేత్తో కట్టి, కొస నీ చేతిలో పెడతాను.

పధ్నాలుగో తారీఖు వ్యానులో నీ జవాబు నా చేతికి అందాలి. గుర్రం వేసుకుని కూడలిలో నిలబడతాను. వస్తున్నానని ఒక్క మాట రాయి చాలు. రాకపోతే ఎందుకు రావో అదీ రాయి. పధ్నాలుగు దాటనివ్వకు.

మీ మామయ్య
ఇమాష్